రెండు వలయములు: అక్కమహాదేవి గుహనుండి మనశ్శాస్త్ర ప్రయోగశాలవరకు

శ్రీశైలము పోయిన యాత్రికులలో చాలమంది మల్లికార్జునుని, భ్రమరాంబను దర్శించి, పాతాళగంగలో మునిగి, సాక్షిగణపతికి కనబడి ఇంటిదారి పడతారు. ఓపికా తీరికా ఉన్నవారు పాతాళగంగవద్ద పడవ ఎక్కి, కృష్ణలో కొంతదూరము ఎగువకు పోయి, అక్కమహాదేవి గుహలు కూడ చూచి వస్తారు. గుహలముందు ప్రకృతి తానే కట్టిన రాతి తోరణము ఒకటి ఉన్నది. లోపలి దారి పోనుపోను ఇరుకై, చివరకు దీపము పట్టుకొని, వంగి, ప్రక్కకు ఒదిగి పోవలసి వస్తుంది. ఆ చీకటి చివర ఒక శివలింగము. పన్నెండవ శతాబ్దములో కన్నడదేశమునుండి వచ్చిన ఒక యువతి ఇక్కడ తపస్సు చేసినదని చెబుతారు.

రెండేండ్ల క్రిందట మా కాలేజి విద్యార్థులను వెంటబెట్టుకొని అక్కడకు పోయినాను. నేను పాఠము చెప్పేది భౌతికశాస్త్రము. నీరు, గాలి, ఎండ కలిసి అటువంటి తోరణమును ఎట్లా చెక్కుతవో చెప్పడానికి సిద్ధపడి పోయినాను, చెప్పినాను. కాని తిరిగివచ్చేటప్పుడు పడవలో ఒక విద్యార్థిని వేసిన ప్రశ్న రాళ్ళను గూర్చినది కాదు. “సార్, ఆమె మల్లికార్జునునిలో కలిసిపోయింది అంటారు కదా. కలిసిపోయిన తరువాత ఆమె ఉన్నట్లా, లేనట్లా?” అని అడిగినది. ప్రక్కనున్న కుర్రవాడు, “పెండ్లయిన ఆడవాళ్ళ సంగతీ అంతే కదా” అన్నాడు. అందరూ నవ్వినారు. ఆ అమ్మాయి నవ్వలేదు.

ఆనాడు నావద్ద సమాధానము లేదు. తరువాత పుస్తకములు వెదకి చూస్తే, మనశ్శాస్త్రజ్ఞులు నూటముప్పది యేండ్లకు పైగా ఇంచుమించు ఇదే ప్రశ్నను పట్టుకొని పెనగులాడుతున్నారని తెలిసినది. ఇద్దరు మనుష్యులు మిక్కిలి దగ్గరైనప్పుడు ‘నేను’ అనుకొనేది ఏమవుతుంది? పెరుగుతుందా, తరుగుతుందా, కరిగిపోతుందా? ఆ వెదకులాటలో దొరికినదే ఈ వ్యాసము.

ముందు అక్కమహాదేవి సంగతి చూతము. ఆమె పుట్టినది నేటి కర్ణాటకలో శివమొగ్గ జిల్లాలోని ఉడుతడి. ఆమె జీవితమును గూర్చి మనకు తెలిసినదంతా తరువాతివారు చెప్పినదే. హరిహరుడను కన్నడకవి ఆమెపై ఒక రగళె వ్రాసినాడు. పదునైదవ శతాబ్దములో చామరసుడు తన ప్రభులింగలీలలో ఆమె కథను చేర్చినాడు. శూన్యసంపాదన అను గ్రంథములో, కల్యాణ నగరమున శివశరణుల సభలో అల్లమప్రభువు ఆమెను పరీక్షించిన ఘట్టము ఉన్నది. ఈ కథలు అన్నింటా పొసగవు. కౌశికుడను రాజు ఆమెను చూచి మోహించినాడన్నంతవరకు తగవు లేదు. హరిహరుడు చెప్పినదానిని బట్టి ఆమె కొన్ని షరతులు పెట్టి పెండ్లికి ఒప్పుకొన్నది. రాజు వాటిని మీరగా ఇల్లు విడిచి వెళ్ళిపోయినది. చామరసుడు చెప్పినదానిని బట్టి పెండ్లియే జరుగలేదు. ఏది నిజమో తేల్చడానికి శాసనమేదీ అడ్డుపడి సాక్ష్యము చెప్పదు.

కాని ఆ షరతులు గమనింపదగినవి. ఆమె నగలు అడుగలేదు, రాజ్యములో భాగము అడుగలేదు. తన ఇష్టమువచ్చినట్లు శివపూజ చేసుకొంటాను, శివభక్తులతో మాట్లాడుకొంటాను, గురుసేవ చేసుకొంటాను, నీవు అడ్డురాకూడదు అన్నది. అనగా రోజులో కొంతభాగము, మనస్సులో కొంతచోటు తనకే ఉండాలన్నది. రాజుకు అది సహింపరానిది అయినది. తరువాత ఆమె వస్త్రములు సైతము విడిచి, తలవెంట్రుకలే ఆచ్ఛాదనగా కల్యాణమునకు పోయి, అక్కడనుండి శ్రీశైలము చేరి, కదళీవనములో మల్లికార్జునునిలో ఐక్యమైనదని సంప్రదాయము.

ఒక మనిషి దగ్గరకు వస్తే ఊపిరాడక పారిపోయిన స్త్రీయే, మరొకరిలో పూర్తిగా కలిసిపోవాలని వందలమైళ్ళు నడచినది. ఇది పరస్పర విరుద్ధముగా తోస్తుంది. భక్తి మార్గములో దీనిని మధురభావమంటారు. భగవంతుని భర్తగా భావించడము. మన కడప జిల్లా తాళ్ళపాకలో పుట్టిన అన్నమాచార్యుడు పురుషుడై ఉండికూడ నాయికగా మారి వేంకటేశ్వరుని గూర్చి పాడినాడు. తరిగొండ వెంగమాంబ చిన్ననాడే భర్తను పోగొట్టుకొన్నా, వేంకటేశ్వరుడే తన భర్త అని చెప్పి వైధవ్యచిహ్నములు ధరింపనన్నదట. ఊరివారు ఆమెకు ‘విధవ’ అన్న గుర్తింపును ఇవ్వజూచినారు. ఆమె వేరొక సంబంధమును ఆధారము చేసుకొని దానిని త్రోసివేసినది. ఇక్కడ దగ్గరితనము గుర్తింపును హరించలేదు, కాపాడినది.

అక్క విషయములో మరొక చిన్న సాక్ష్యము ఉన్నది. నాకు ఇది చాల విలువైనదిగా తోచినది. శివశరణుల వచనములకు చివర ఒక అంకితనామము ఉంటుంది. అది కవి పేరు కాదు, కవి కొలిచే దైవము పేరు. బసవన్న వచనములలో కూడలసంగమదేవుడు, అల్లముని వచనములలో గుహేశ్వరుడు, అక్క వచనములలో చెన్నమల్లికార్జునుడు. ‘చెన్న’ అనగా అందమైనవాడు. ఆమె పేర మూడువందల యేబదికి పైగా వచనములు నేడు లభిస్తున్నవి. ఆ పేరు కనబడగానే కన్నడపాఠకుడు ఇది అక్కది అని పోల్చుకొంటాడు. ఎదుటివాని పేరే ఆమె సంతకమైనది. మన వేమన్న తన పేరునే మకుటములో పెట్టుకొన్నాడు, అది వేరు పద్ధతి. ‘తనలో మరొకరిని చేర్చుకొనడము’ అని ఎనిమిదివందల యేండ్ల తరువాత మనశ్శాస్త్రజ్ఞులు పేరుపెట్టిన స్థితికి ఇంతకంటె చక్కని ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక శాస్త్రము సంగతి. 1890లో అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు విలియం జేమ్సు మనశ్శాస్త్ర సూత్రములను గూర్చి రెండు సంపుటముల గ్రంథము ప్రకటించినాడు. ‘నేను’ అనేది చర్మముతో ఆగిపోదు అన్నాడు ఆయన. మనిషి ‘నాది’ అని చెప్పుకొనగలిగినదంతా, దేహము, బట్టలు, ఇల్లు, భార్యాబిడ్డలు, పూర్వులు, స్నేహితులు, పరువుప్రతిష్ఠలు, భూములు, గుఱ్ఱములు, బ్యాంకులోని సొమ్ము, అంతా అతని ‘నేను’లో చేరినదే. అవి వర్ధిల్లితే తాను వర్ధిల్లినట్లు ఉంటుంది, అవి చెడితే తాను కుంగిపోతాడు. మాట నిజమే. కాని భార్యను గుఱ్ఱములున్న పట్టికలోనే చేర్చడము చూస్తే, కౌశికుడు ఈ గ్రంథము చదివి ఉంటే సంతోషించి ఉండేవాడు అనిపిస్తుంది.

1927లో ఫ్రెంచి రచయిత రోమా రోలా మనోవిశ్లేషణ శాస్త్రమునకు మూలపురుషుడైన ఫ్రాయిడునకు ఒక ఉత్తరము వ్రాసినాడు. రోలా అప్పుడు రామకృష్ణ పరమహంస చరిత్రను గూర్చి శ్రద్ధ వహిస్తున్నాడు. మతములన్నింటికీ మూలము ఒక అనుభూతి, అది తన హద్దులు చెరిగి సముద్రములో కలిసినట్లుండే అనుభూతి అని ఆయన వాదము. ఫ్రాయిడు 1930 నాటి తన గ్రంథములో దీనికి జవాబు చెప్పినాడు. అటువంటి అనుభూతి తనకు కలుగలేదని నిజాయితీగా ఒప్పుకొని, ఆరోగ్యవంతునిలో హద్దు చెరిగే సందర్భము ఒకటి కలదని, అది ప్రేమ ముదిరిన స్థితి అని అన్నాడు. తల్లి రొమ్ముకు, తనకు భేదము తెలియని శిశుదశయే దీనికి బీజము అని ఆయన అభిప్రాయము. అనగా కలిసిపోవడము వెనుకకు పోవడమే అన్నమాట. భక్తురాలిని శిశువుతో సమానము చేసే ఈ వివరణతో నాకు తృప్తి కలుగలేదు. శిశువు వచనములు వ్రాయదు కదా!

తరువాతివారిలో ఎరిక్ ఎరిక్సన్ 1950లో ఒక క్రమము చెప్పినాడు. కౌమారములో తానెవరో తేల్చుకొన్న తరువాతనే మనిషి మరొకరికి నిజముగా దగ్గర కాగలడు. తనకు తానే స్థిరపడనివాడు దగ్గరితనమునకు జంకుతాడు. మన హైస్కూలు ఉపాధ్యాయులకు ఈ మాట బాగా పనికివస్తుంది. అయితే 1982లో కారొల్ గిల్లిగన్ దీనిని ప్రశ్నించినది. ఈ మెట్లు మగపిల్లల జీవితమును చూచి కట్టినవి, స్త్రీలకు తామెవరో తెలియడము, ఇతరులకు దగ్గర కావడము రెండూ కలిసే జరుగుతవి అని ఆమె వాదము. మరొక వైపున మరీ బౌవెన్ అను వైద్యుడు 1954 నుండి 1959 వరకు మానసిక రోగులను కుటుంబములతో సహా ఆసుపత్రిలో ఉంచి పరిశీలించినాడు. కొన్ని ఇండ్లలో ఒకరి కోపము మరొకరి కడుపునొప్పి అవుతుందని, ఎవరి ఆలోచన ఎవరిదో తెలియనంతగా వారు అతుక్కొని ఉంటారని గమనించినాడు. అట్టి అతుకునకు, ప్రేమకు తేడా ఉన్నదన్నాడు.

ఇవన్నీ ఆలోచనలు. వీటిని కొలవడము ఎట్లా? భౌతికశాస్త్రము చదివినవానికి మొదట పుట్టే అనుమానము ఇదే. ఆర్థర్ ఆరన్, ఇలేన్ ఆరన్ అను అమెరికా దంపతులు ఈ పనికి పూనుకొన్నారు. 1986లో వారు ప్రకటించిన సిద్ధాంతము చెప్పేది ఇది: మనిషి తన శక్తిని, అనుభవమును, దృష్టిని విస్తరించుకోవాలని సహజముగా కోరుకొంటాడు; ప్రేమించినప్పుడు ఎదుటివారి గుణములు, బంధువులు, తెలివితేటలు కొంతవరకు తనవే అవుతవి. బృహదారణ్యకములో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి చేసిన ఉపదేశము, భర్త భర్తకోసము కాక ఆత్మకోసమే ప్రియుడవుతాడన్నది, తెలుగు పాఠకునకు వెంటనే జ్ఞప్తికి వస్తుంది. యాజ్ఞవల్క్యుని ఆత్మ వేరు, ఆరన్ దంపతుల ‘నేను’ వేరు. రెండింటినీ ఒకటే అనుకోరాదు.

1991లో ఆర్థర్ ఆరన్ బృందమువారు చేసిన ప్రయోగము ఎంతో సులువైనది. పెండ్లి అయిన విద్యార్థులను పిలిచి, కొన్ని గుణములు తమకు ఎంతవరకు వర్తిస్తవో, తమ భార్యకు లేక భర్తకు ఎంతవరకు వర్తిస్తవో ముందుగా గుర్తించమన్నారు. తరువాత ఆ గుణముల పేర్లే తెరపై ఒక్కొక్కటిగా చూపి, ‘నేనే’ లేక ‘నేను కాదు’ అనే మీట నొక్కమన్నారు. మాటవరుసకు భర్త ముక్కోపి, భార్య శాంతస్వభావురాలు అనుకొందాము. ‘కోపిష్ఠి’ అనే మాట చూడగానే ఆమె ‘నేను కాదు’ మీట నొక్కాలి. ఇందులో తికమక ఏమున్నది? కాని ఇద్దరికీ ఒకేవిధముగా వర్తించే గుణముల విషయములోకంటె, ఇద్దరికీ తేడా ఉన్న గుణముల విషయములో చేయి క్షణములో అతిస్వల్పభాగము ఆలస్యమైనది, తప్పులు కూడ ఎక్కువైనవి. పేరుకు ఎరిగిన పరాయివారి గుణములతో పోల్చినప్పుడు ఇట్లా తడబాటు లేదు. ‘అది నాదా, ఆయనదా?’ అని మనస్సు లోలోపల ఒక్కక్షణము తడుముకొన్నదన్నమాట. తడబాటునే కొలతబద్దగా మార్చిన ఈ యుక్తి నాకు మిక్కిలి నచ్చినది.

మరుసటి యేడు, 1992లో, వారు ఇంకా తేలికైన కొలత ఒకటి కనిపెట్టినారు. కాగితముపై ఏడు జతల వలయములు గీస్తారు. ప్రతి జతలో ఒక వలయము ‘నేను’, రెండవది ‘ఎదుటివారు’. మొదటి జతలో రెండూ విడివిడిగా ఉంటవి. తరువాతి జతలలో క్రమముగా ఒకదానిపై ఒకటి ప్రాకుతవి. ఏడవ జతలో ఇంచుమించు ఒకటే వలయమై కనబడతవి. మీ సంబంధమునకు సరిపోయే జత ఏది అని అడుగుతారు. అంతే. మన గణితోపాధ్యాయులు సమితులు బోధించేటప్పుడు గీసే బొమ్మలవంటివే ఇవి. ఇంత చిన్న బొమ్మ, పుటలకొద్దీ ప్రశ్నావళులతో సమానముగా పనిచేసినది.

1995లో వెలువడిన మరొక పరిశోధనలో 325 మంది విద్యార్థులను పది వారములలో అయిదుసార్లు ‘ఈనాడు నీవెవరు?’ అని అడిగి, తోచినన్ని మాటలు వ్రాయమన్నారు. ఆ పది వారములలో ప్రేమలో పడినవారి జాబితాలలో ‘నేను’ను వర్ణించే మాటల వైవిధ్యము పెరిగినది. ప్రేమవలన మనిషి తరిగిపోలేదు, పెరిగినాడు.

అయితే ఏడవ జత అందరికీ మంచిదేనా? సినిమాపాటలు వినే పిల్లలు అట్లాగే అనుకొంటారు. కొన్ని ఇండ్లలో పెద్దలూ అట్లాగే అనుకొంటారు, వారి ఉద్దేశములో కలిసిపోవలసినది మాత్రము కోడలు ఒక్కతే. 2013లో డేవిడ్ ఫ్రాస్టు, క్యాట్ ఫారెస్టరు అనువారు అమెరికా, కెనడాలలోని 732 మందిని రెండేండ్లపాటు పరిశీలించి ఈ ప్రశ్నకు జవాబు చెప్పినారు. వలయముల బొమ్మను వారు రెండుసార్లు చూపినారు; ఇప్పుడు ఎట్లా ఉన్నదో ఒకసారి, ఎట్లా ఉండాలని కోరుకొంటున్నావో మరొకసారి. నూటికి 57 మంది ఇంకా దగ్గర కావాలని కోరుకొన్నారు. 37 మంది ఉన్నదానితో తృప్తిపడినారు. 5 మంది మాత్రము తాము మరీ దగ్గరైపోయినామన్నారు. తేలినది ఏమనగా, సంబంధము బాగోగులను, మనస్సు ఆరోగ్యమును ఎక్కువగా నిర్ణయించేది వలయములు ఎంతగా కలిసినవన్నది కాదు, కోరినదానికీ ఉన్నదానికీ మధ్యనున్న వ్యత్యాసము. కొద్దిపాటి కలయికనే కోరుకొని, అంతే పొందినవారు సుఖముగా ఉన్నారు. మరీ దగ్గరైనామన్నవారు, మరీ దూరమైనామన్నవారు ఇద్దరూ బాధపడినారు. ఆ అయిదుగురి మాట చదివినప్పుడు నాకు కౌశికుని అంతఃపురము గుర్తుకు వచ్చినది. పడవలో నాకు పరస్పర విరుద్ధముగా తోచినది ఇక్కడ కొంత విడిపోయినది: ఒకచోట ఆమె కోరనిది మీదపడినది, మరొకచోట ఆమె కోరినదానిని తానే ఎంచుకొన్నది. ఒక మహాయోగిని అనుభవమును ఏడు బొమ్మలతో కొలవగలమని మాత్రము నేను అనడములేదు.

వలయములు దేశమునుబట్టి మారుతవని కూడ గుర్తుంచుకోవాలి. 1991లోనే హేజల్ మార్కస్, షినోబు కితయామా అనువారు, అమెరికాలో పెరిగినవాని ‘నేను’ గట్టి గీతతో గీసిన వలయమువంటిదని, ఆసియాలోని అనేక సమాజములలో అది తల్లి, తండ్రి, తోబుట్టువుల వలయములతో ముందునుండే కలిసి ఉంటుందని వ్రాసినారు. మనవద్ద పెండ్లినాటికే అమ్మాయి వలయములో చాలమంది ఉంటారు. భర్త వలయము వచ్చి చేరినప్పుడు వారందరినీ ఖాళీచేయమనడము వలననే చిక్కు వస్తుంది. ఇంటిపేరు సంగతి చూడండి. పెండ్లి కాగానే అది మారడము మనకు ఎంత అలవాటంటే, అది చట్టమేమో అనుకొంటాము. భార్య తన ఇంటిపేరు మార్చుకొని తీరాలని మన దేశములో ఏ చట్టమూ నిర్బంధించదు.

పెండ్లి తరువాత ప్రేమ తానే వస్తుందని పెద్దలు చెప్పే మాటకు ఆధారముగా 1982లో జయపూరులో గుప్తా, సింగ్ అను ఇద్దరు 50 జంటలపై చేసిన పరిశీలనను తరచు చూపుతారు. పెద్దలు కుదిర్చిన పెండ్లిండ్లలో ప్రేమ కొన్నేండ్లకు పెరిగి, ప్రేమవివాహములను మించినదని అందులో తేలినది. కాని 2012లో అమెరికాలో నివసించే భారతీయులను పరిశీలించినప్పుడు ఈ రెండు రకముల మధ్య తేడా కనబడలేదు. రెండూ చిన్న పరిశీలనలే. తగవు తీర్చడానికి ఇవి చాలవు.

శ్రీశైలము చుట్టునున్న నల్లమలలోనే మరొక ఉదాహరణ ఉన్నది. 1940లో క్రిస్టొఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడు కృష్ణకు ఉత్తరాన అమరాబాదు పీఠభూమిపై చెంచులతో కలిసి తిరిగి, 1943లో వారిని గూర్చి పెద్ద గ్రంథము వెలువరించినాడు. చెంచు భార్యాభర్తలు అడవిలో దుంపలు, పండ్లు, తేనె సేకరించుకొంటూ ఒక స్వతంత్ర కుటుంబముగా బ్రతుకుతారని, వారి మధ్య స్నేహము వంటి సమానత్వము ఉన్నదని, స్త్రీకి తన సొత్తు తనదేనని, పొసగనప్పుడు విడిపోవడము పెద్ద కష్టము కాదని ఆయన వ్రాసినాడు. చదువుకొన్నవాళ్ళము మనము ‘వెనుకబడినవారు’ అని పిలిచిన జనములో, విడిపోగల స్వేచ్ఛా, కలిసి బ్రతికే అలవాటూ ప్రక్కప్రక్కనే ఉన్నవి. వారు మల్లికార్జునుని చెంచు మల్లయ్య అంటారు. ఆయన వేటకు వచ్చి తమ పిల్లను వలచి పెండ్లాడినాడని కథ చెప్పుకొంటారు. కన్నడ యాత్రికులేమో భ్రమరాంబ తమ ఆడపడుచు అని ఉగాదికి చీరెసారెలతో కాలినడకన వస్తారు. ఒకే దేవుడు రెండు వైపులా అల్లుడైనాడు.

ఉపాధ్యాయులు గమనింపవలసిన విషయము మరొకటి. దగ్గరైనప్పుడు ‘నేను’ పెరిగితే, విడిపోయినప్పుడు ఏమవుతుంది? 2010లో స్లాటర్, గార్డ్‌నర్, ఫింకెల్ అనువారు దీనిని పరిశీలించినారు. ప్రేమ చెడినవారిలో ‘నేనెవరు’ అన్న స్పష్టత తగ్గుతుందని, వారి దుఃఖములో కొంతభాగమునకు ఈ అస్పష్టతయే కారణమని తేలినది. మా కాలేజిలో చురుకుగా ఉన్న పిల్లవాడు ఉన్నట్టుండి ప్రయోగశాలకు రావడము మాని, రికార్డులు వ్రాయడము మాని, వెనుకబెంచీలో శూన్యముగా కూర్చొనడము నేను ఒకటికి రెండుసార్లు చూచినాను. సోమరితనమని చీవాట్లు పెట్టినాను కూడ. ఆ పిల్లవాడు పోగొట్టుకొన్నది ఒక అమ్మాయినే కాదు, ఆమెతో ఉన్నప్పటి తనను. ఈ సంగతి అప్పుడు తెలిసి ఉంటే కొంత వేరుగా మాట్లాడి ఉండేవాడిని.

మొన్న సెలవులకు ముందు, పాఠము ముగిసిన తరువాత, ఆ ఏడు జతల వలయములను నల్లబల్లపై గీసి వివరించినాను. ఎవరూ జవాబు చెప్పనక్కరలేదని, కాగితములు నాకు ఇవ్వనక్కరలేదని ముందే చెప్పినాను. పిల్లలచేత ఇటువంటివి బయటకు చెప్పించడము తగదు. ఎదుటి వలయము ప్రియుడో ప్రియురాలో కానక్కరలేదు, అమ్మ కావచ్చును, స్నేహితుడు కావచ్చును అన్నాను. పడవలో ప్రశ్న వేసిన అమ్మాయి ముందు బెంచీలోనే ఉన్నది. తన నోటుపుస్తకములో ఒక జత గీసి, కొంతసేపు చూచి, చెరిపి, మరొకటి గీసినది. అది ఎన్నవ జతయో నేను చూడలేదు.